తిరుపతి అంటే కొండ ఒక్కటేనా? శేషాచలం కింద చదువుల ఊరు.. అడ్మిషన్‌కి ముందు తెలుసుకోవాల్సినవి ఇవే

తిరుపతికి వచ్చేవాళ్లలో చాలామంది తిరుపతిని చూడరు. రైలు దిగడం, బస్సెక్కడం, కొండకు వెళ్లడం, దర్శనం, లడ్డూ, తిరుగు ప్రయాణం.. అంతే. మధ్యలో బస్సు కిటికీలోంచి కనిపించినంత వరకే ఊరు. కానీ ఆ కొండ కిందే అరడజను యూనివర్సిటీలు ఉన్నాయి. కాస్త దూరంలో ఓ ఐఐటీ, ఓ ఐసర్ కూడా ఉన్నాయి. భక్తులు ఒకటి రెండు రోజులుండి వెళ్లిపోతారు. మూడేళ్లు, నాలుగేళ్లు గది తీసుకుని ఉండేది మాత్రం స్టూడెంట్సే.

ఈ ఊరికి కొండ రెండు ఇచ్చింది. ఒకటి చదువు, రెండోది నీళ్లు. మొదటిదాన్ని ఊరు బాగానే వాడుకుంది. రెండోదాని దగ్గరే లెక్క తప్పింది. ఎలాగో, ఇక్కడ చదువుకోడానికి వచ్చేవాళ్లకు దాంతో పనేంటో చూద్దాం.

అసలు ఊరు ఎలా ఉంటుంది?

ఉత్తరాన గోడ కట్టినట్టు శేషాచలం కొండలు. దక్షిణం వైపు స్వర్ణముఖి నది. ఈ రెండింటి మధ్య తిరుపతి. తిరుమల సముద్ర మట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తులో ఉంటే, కింద ఊరు 160 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అందుకే మే నెలలో కింద 40 డిగ్రీలు దాటి మాడిపోతున్నా, పైన కాస్త ఊపిరి ఆడుతుంది.

పాత ఊరు గోవిందరాజస్వామి గుడి చుట్టూ పెరిగింది. 1130లో రామానుజాచార్యులు ఈ ఊరికి పునాది వేశారని చెబుతారు. 1886లో మున్సిపాలిటీ, 2007లో కార్పొరేషన్ అయ్యింది. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి తిరుపతి సొంతంగా జిల్లా కేంద్రమైంది. 2011 లెక్కల ప్రకారం కార్పొరేషన్ జనాభా 3 లక్షల లోపే. ఆ తర్వాత ఊరు ఎంత పెరిగిందో కొత్త కాలనీలను చూస్తే అర్థమైపోతుంది.

గుడి ఊరు యూనివర్సిటీల ఊరు ఎలా అయ్యింది?

1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్న తిరుమల ఆలయ నిర్వహణ, 1933లో టీటీడీకి వచ్చింది. ఆ తర్వాత గుడి ఆదాయంలో కొంత చదువు వైపు మళ్లింది. 1945లో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ, 1952లో ఆడపిల్లల కోసం పద్మావతి కాలేజీ.. ఈ రెండూ టీటీడీ పెట్టినవే.

అసలు మలుపు 1954లో వచ్చింది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అప్పటికి రాయలసీమలో యూనివర్సిటీ లేదు. డిగ్రీ తర్వాత చదవాలంటే అటు విశాఖకో, ఇటు మద్రాసుకో పోవాల్సిందే. సీమలో ఉన్నత చదువుల కేంద్రం కావాలన్న మాట 1937 శ్రీబాగ్ ఒప్పందంలోనే ఉంది. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదిలోపే, టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1954 సెప్టెంబర్ 2న శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ మొదలైంది. కొండ అంచున దాదాపు వెయ్యి ఎకరాల క్యాంపస్ అది.

సీమలోని మిగతా వర్సిటీల్లో కొన్నింటికి ఇదే పుట్టిల్లు. అనంతపురంలో ఎస్వీయూ పెట్టిన పీజీ సెంటరే 1981లో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ అయ్యింది. కడప పీజీ సెంటర్ 2006లో యోగి వేమన యూనివర్సిటీగా మారింది.

ఇప్పుడు ఏమేం ఉన్నాయి?

ఎస్వీయూ తర్వాత ఒకటొకటిగా వచ్చిన సంస్థల్లో ముఖ్యమైనవి ఇవి:

- ఎస్వీ మెడికల్ కాలేజీ: 1960లో మొదలైంది. దీనికి అనుబంధంగా రుయా ఆసుపత్రి ఉంది.
- శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం: ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1983లో వచ్చింది. సీమ పల్లెల నుంచి ఎందరో ఆడపిల్లలు పీజీ దాకా వెళ్లడానికి ఇదే దారి.
- స్విమ్స్: ఇటు పెద్దాసుపత్రి, అటు వైద్య విశ్వవిద్యాలయం.
- జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం: 1961లో విద్యాపీఠంగా మొదలై, 2020లో సెంట్రల్ యూనివర్సిటీ అయ్యింది.
- ఎస్వీ వెటర్నరీ యూనివర్సిటీ (2005), ఎస్వీ వేదిక్ యూనివర్సిటీ (2006).
- ఐఐటీ, ఐసర్: రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన హామీ మేరకు రెండూ 2015లో మొదలయ్యాయి. మొదట అద్దె భవనాల్లో నడిచాయి. సొంత క్యాంపస్‌లు శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు వైపు ఉన్నాయి.

ఒక చిన్న గమనిక. 'ఐఐటీ తిరుపతి' అని పేరున్నా అది ఊళ్లో లేదు, పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. కౌన్సెలింగ్‌కో, ఇంటర్వ్యూకో వచ్చేవాళ్లు స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకుని పొద్దున్నే వెళ్దాంలే అనుకుంటే ఇబ్బంది పడతారు.

కొండే ఒక ల్యాబ్

తిరుమల ఘాట్ రోడ్డులో బండలను జాగ్రత్తగా చూస్తే ఒకచోట రాయి మారిపోతుంది. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్. ఈ రెండు పొరల మధ్య వయసు తేడా దాదాపు 80 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. జియాలజీ స్టూడెంట్స్‌కి ఇది పుస్తకంలో బొమ్మ కాదు, బస్సెక్కి వెళ్లి చూసే పాఠం.

బోటనీ వాళ్లకైతే ఎర్రచందనం ఉండనే ఉంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ఈ చెట్టు సహజంగా ఇంకెక్కడా పెరగదు. ఈ అడవి 2010లో శేషాచలం బయోస్పియర్ రిజర్వ్ అయ్యింది.

పాకాల వైపు గాదంకిలో నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది. అక్కడి రాడార్ 1990ల నుంచి గాలి కదలికలను కొలుస్తోంది. తిరుపతి వానల కథ అర్థం కావాలంటే ముందు ఆ గాలి సంగతే తెలియాలి.

మరి నీళ్ల దగ్గర ఎక్కడ తేడా కొట్టింది?

ఇక్కడ పెద్ద వానలు జూన్, జులైలో కాదు, అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో పడతాయి. బంగాళాఖాతం నుంచి తేమతో వచ్చే గాలి శేషాచలాన్ని తగిలి పైకి లేస్తుంది. పైకి లేచి చల్లబడి కురుస్తుంది. కొండ నిటారుగా, రాతితో ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు నిలవవు, ఒక్కసారిగా కిందికి దూకుతాయి. కపిలతీర్థం జలపాతం చూసి ఫొటోలు దిగుతాం కదా.. ఆ నీళ్లే తర్వాత ఊళ్లోకి వస్తాయి.

పాతకాలం వాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే కొండ కింద చెరువులు, గుంటలు తవ్వుకున్నారు. ఒకటి నిండితే వాగు ద్వారా ఇంకోటి, చివరికి స్వర్ణముఖి. ఇప్పుడు ఊళ్లో పేర్లు వినండి. కొర్లగుంట, తాతయ్యగుంట, కేశవాయనగుంట, తుమ్మలగుంట. పేర్లలో గుంట మిగిలింది. నేల మీద మాత్రం చాలాచోట్ల ఇళ్లు, రోడ్లు, హాస్టళ్లు కనిపిస్తాయి. ఉత్తరాన కొండ, అడవి అడ్డం. ఊరు పెరగాలంటే మిగిలినవి పల్లపు నేలలే. పెరిగింది కూడా అటే.

దాని ఫలితం 2021లో కనిపించింది. ఆ అక్టోబర్‌లో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వాన నీళ్లలో ఒక వాహనం చిక్కుకుని, పెళ్లయి ఎన్నో రోజులు కాని ఒక అమ్మాయి ప్రాణం పోయింది. స్వామి దర్శనం కోసం కుటుంబంతో వచ్చిన అమ్మాయి. తర్వాతి నెలలోనే, నవంబర్ 18, 19 తేదీల్లో వాయుగుండం ప్రభావంతో ఊరంతా మునిగినంత పనైంది. ఘాట్ రోడ్లు మూసేశారు. కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు లీకవుతుంటే, కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. డిసెంబర్ 1న ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి.

విచిత్రం ఏంటంటే, నవంబర్‌లో మునిగే ఈ ఊరే ఎండాకాలంలో నీళ్ల కోసం ఎదురుచూస్తుంది. దగ్గర్లో కళ్యాణి డ్యామ్ ఉన్నా, వాన సరిగా పడని ఏడాది అది చాలదు. అప్పుడు తెలుగుగంగే దిక్కు. శ్రీశైలం దగ్గర బయల్దేరిన కృష్ణా నీళ్లు సోమశిల, కండలేరు దాటి వస్తే తిరుపతి కొళాయిలో పడతాయి. కొండ మీద పడిన వాన పట్టి ఉంచుకునే గుంటలు పోయాయి, వందల కిలోమీటర్ల అవతలి నీళ్ల మీద ఆధారపడటం పెరిగింది.

అడవి పక్కనే అని మర్చిపోవద్దు

ఇంకో విషయం చిరుతలు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఎస్వీయూ, వేదిక్ యూనివర్సిటీ పరిసరాల్లోనూ చిరుతలు తిరిగిన సందర్భాలున్నాయి. క్యాంపస్ వెనక్కి వెళ్తే అడవే మొదలవుతుంది. రాత్రిపూట ఒంటరిగా నడవొద్దని హాస్టల్‌లో చెబితే, అది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు.

చదువు అయ్యాక ఏంటి?

రేణిగుంట ఎయిర్‌పోర్టు దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి. తమిళనాడు సరిహద్దులో శ్రీసిటీ ఉంది. అయినా డిగ్రీ చేతికొచ్చాక చాలామంది పిల్లలు బస్సెక్కేది చెన్నైకో, బెంగళూరుకో, హైదరాబాద్‌కో. చెన్నై 140 కిలోమీటర్లు, బెంగళూరు 250 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఈ దగ్గరితనం వల్ల ఇంటర్వ్యూలకు వెళ్లి రావడం తేలిక. వెళ్లినవాళ్లు తిరిగి రాకపోవడానికి కూడా అదే కారణం.

ఇక్కడ చదవడానికి వస్తున్నారా? ఇవి గుర్తుపెట్టుకోండి

- గది చూసేటప్పుడు అద్దె, వైఫై ఒక్కటే అడగొద్దు. 2021 నవంబర్‌లో ఈ వీధిలోకి నీళ్లొచ్చాయా అని పక్కింటివాళ్లను, కింద కిరాణా కొట్టాయన్ని అడగండి. ఓనర్ కంటే వాళ్లే నిజం చెబుతారు.
- ఎండాకాలంలో నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో, ట్యాంకర్ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.
- అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల మీద పెట్టొద్దు.
- వాన గట్టిగా పడేటప్పుడు రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నుంచి బండి పోనివ్వొద్దు. పది నిమిషాలు ఆలస్యమైనా సరే, చుట్టు తిరిగి వెళ్లండి.

నీళ్లు ఎటు పోతాయో చెప్పగల జియాలజీ, సివిల్ ఇంజినీరింగ్, వాతావరణ పరిశోధన.. అన్నీ ఈ ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి. రేపు కొత్త లేఅవుట్‌కి అనుమతి ఇచ్చే ముందు వాళ్లను ఒక్క మాట అడిగితే చాలు. ఇంకా మిగిలిన గుంటలైనా పేర్లలోనే కాకుండా నేల మీద కూడా ఉంటాయి.