నల్లుల బిళ్లలతో జాగ్రత్త!

ఊళ్లో మామిడికాయలు మాగేయడానికి కొందరు కార్బైడ్ రాళ్లు వాడటం మనందరికీ తెలిసిందే. మన దేశంలో దాన్ని నిషేధించారు కూడా. తడి తగిలితే చాలు, ఆ రాయి నుంచి అసిటిలిన్ గ్యాస్ పుడుతుంది. సైట్లో ఇనుము కోసే మంట ఈ గ్యాస్‌దే. కిలో కార్బైడ్ నుంచి సుమారు 300 లీటర్ల గ్యాస్ వస్తుంది. అందుకే కార్బైడ్ డ్రమ్ము దగ్గర నిప్పంటుకుంటే నీళ్లు కొట్టకూడదు, పొడి ఇసుక పోయాలి. సైట్లో మేము కొత్తవాళ్లకు మొదట చెప్పేది ఇదే.

ఇలా మందు నుంచి అప్పటికప్పుడు గ్యాస్ పుట్టించే పద్ధతి ప్రాణాలు కూడా కాపాడుతుంది. సెలవుకి ఇంటికి పోయేటప్పుడు విమానంలో 'మాస్క్‌ను మీ వైపుకు లాగండి' అని చెప్తారు కదా! చాలా విమానాల్లో సీటు పైన సోడియం క్లోరేట్ నింపిన చిన్న డబ్బా ఉంటుంది. మాస్క్ లాగితేనే అది రాజుకుని ఆక్సిజన్ ఇస్తుంది. డబ్బా బాగా వేడెక్కుతుంది, కాలిన వాసనొచ్చినా కంగారు పడనక్కర్లేదు. కానీ అదే డబ్బాను అజాగ్రత్తగా చూస్తే ప్రమాదమే. 1996లో ఇలాంటి పాత డబ్బాలను సరుకుగా వేసుకెళ్లిన ఒక విమానం అమెరికాలోని ఫ్లోరిడాలో మంటలంటుకుని కూలిపోయింది. 110 మంది చనిపోయారు.

ఇక మన గదుల సంగతి. నల్లుల బాధ పడలేక మా క్యాంపులో ఒక తమ్ముడు ఎక్కడో బిళ్లల డబ్బా కొనుక్కొచ్చాడు. మంచం కింద నాలుగు పెట్టేస్తే సరి అనుకున్నాడు. లేబుల్ చదివితే అల్యూమినియం ఫాస్ఫైడ్! ధాన్యం గోడౌన్లలో పురుగులకు పెట్టే మందు అది. నీళ్లు పోయక్కర్లేదు, గాలిలో తేమ చాలు, ఫాస్ఫిన్ అనే విషవాయువు వస్తుంది. గోడ పగుళ్లలోంచి, ఏసీ సందుల్లోంచి పక్క గదికీ పోతుంది. గల్ఫ్‌లో ఇలా పక్కింట్లో పెట్టిన మందుకు ఏ పాపం తెలియనివాళ్లు, చిన్నపిల్లలు కూడా బలైపోయారు. దీనికి విరుగుడు మందు లేదు.

గదిలో వెల్లుల్లి లాంటి, కుళ్లిన చేప లాంటి వాసన వచ్చినా, నలుగురికీ ఒకేసారి వాంతులు, ఆయాసం మొదలైనా ఫుడ్ పాయిజన్ అనుకుని పడుకోవద్దు. అందరినీ లేపి బయటికి రండి, అంబులెన్సుకు ఫోన్ చేయండి. బిళ్లల మీద నీళ్లు పోయొద్దు, ముట్టుకోవద్దు. వాసన రాకపోయినంత మాత్రాన గ్యాస్ లేదని కాదు.

నల్లులుంటే క్యాంపు బాస్‌కి చెప్పి లైసెన్సున్న కంపెనీవాళ్లను పిలిపించండి. ఆలస్యమైతే నలుగురూ కలిసి మళ్లీ అడగండి. నల్లి కుడితే నిద్ర పోతుంది, అంతే. ఈ బిళ్ల పెడితే ప్రాణాలే పోతాయి.