తాళం పడితే కుక్కకు కంగారు... ఆ భాష తెలిస్తే మీకు కెరియర్!

న్యాల్‌కల్ లాంటి ఊళ్లలో ఇంటి కుక్కకు ఒంటరితనం పెద్దగా తెలియదు. వాకిట్లో పడుకుంటుంది, చేనుకు వెంట వస్తుంది. అదే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో ఇంటివాళ్లంతా డ్యూటీలకు వెళ్తే, పొద్దంతా అది ఒక్కటే ఉండాలి. కొన్ని కుక్కలు దీన్ని తట్టుకోలేవు. ఈ సమస్యే సెపరేషన్ యాంగ్జైటీ. పశువుల మధ్య పెరిగి, వాటి తీరు గమనించే అలవాటున్నవారు ఇందులో నైపుణ్యం పెంచుకోవచ్చు.

అల్లరి కాదు, భయం

యజమాని గడప దాటిన కాసేపటికే ఆగకుండా అరవడం, తలుపు గీరడం, చొంగ కార్చడం, ఇంట్లోనే మూత్రం పోయడం దీని లక్షణాలు. చాలామంది దీన్ని పొగరనుకుని కొడతారు. దాంతో భయం ఇంకా పెరుగుతుంది. మూత్ర సంబంధ వ్యాధి, వృద్ధాప్యం, ఏమీ తోచకపోవడం వల్ల కూడా ఇలా చేయొచ్చు. అందుకే ముందు పశువైద్యుడికి చూపించాలి. ఎవరూ లేనప్పుడు ఏం చేస్తుందో ఫోన్లో వీడియో తీస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

చికిత్స ఇలా...

- తాళంచెవులు తీసుకోండి, చెప్పులు వేసుకోండి. కానీ బయటికెళ్లకుండా కూర్చోండి. ఆ సూచనలంటే భయం తగ్గుతుంది.
- మొదట కొన్ని సెకన్లు, తర్వాత నిమిషాలు... కుక్క కంగారు పడకముందే తిరిగి రావాలి. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది.
- ఈ శిక్షణ సాగినన్నాళ్లూ పొద్దంతా ఒంటరిగా వదలొద్దు. పక్కింటివాళ్లనో, పెట్ సిట్టర్‌నో తోడు పెట్టాలి.
- తీవ్రంగా ఉంటే మందులూ అవసరమే. అమెరికాలో దీనికోసం క్లోమిప్రమిన్‌కు 1998లో, ఫ్లూయోక్సెటిన్‌కు 2007లో అనుమతి వచ్చింది. ఇవి పనిచేయడానికి వారాలు పడుతుంది. శిక్షణ లేకుండా మందు ఒక్కటే సరిపోదు.

ఏ దారిలో వెళ్లాలి?

మందు రాయాలంటే పశువైద్య పట్టా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో కళాశాలలున్నాయి. ఇంటర్ బైపీసీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఈ సంగతి చెప్పండి.

డిగ్రీ చేస్తున్నవారు పెట్ సిట్టింగ్, డాగ్ వాకింగ్, బోర్డింగ్ కేంద్రాల్లో సహాయకులుగా మొదలుపెట్టొచ్చు. ట్రైనర్ దగ్గర చేరేముందు ఆయన కుక్కలతో ఎలా మెలుగుతారో కళ్లారా చూడండి. కొట్టి, గొంతు బిగించి నేర్పేచోట ఈ పని రాదు. నాలుగు వారాల సర్టిఫికెట్‌తో డాక్టర్ అవతారం ఎత్తొద్దు, ‘గ్యారంటీగా నయం’ అని మాటివ్వొద్దు. ‘ఇది నా పరిధి దాటింది, డాక్టర్‌కు చూపించండి’ అని చెప్పగలిగినవారినే కస్టమర్లు మళ్లీ పిలుస్తారు.