చచ్చినను వేయి వెల

ఏనుగు బ్రతికినను వేయే, చచ్చినను వేయే అని మనవారి సామెత. ఏనుగులు కానరాని ఈ కాలమున ఆ సామెత మోటారుబండికి చక్కగా వర్తించును. రోడ్డుమీద తిరుగుట మానిన బండిని యజమాని పాత ఇనుముగా తూచి అమ్మివేయును. కాని దానిని విప్పినవాని కంటికి అది ఒక్క ఇనుము కాదు, అనేక జాతుల లోహముల పుట్ట. ఏ ముక్క ఏ జాతిదో గుర్తించి, దానిని తరిమెన పట్టి, క్రొత్త పనిముట్టుగా తీర్చుట ఒక విద్య. ఆ విద్యకు సికిందరాబాదు తగిన నేల.

సికిందర్ జా పేర 1806లో వెలసిన ఈ ఊరు మొదట దండు విడిసిన చోటు. 1874లో రైలు వచ్చెను. 1893లో లాలాగూడ రైల్వే కర్మాగారము నెలకొనెను. 1932 జూన్‌లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి. 1943లో స్థాపితమైన ప్రాగా టూల్సు సంస్థ లేతు చక్కుల వంటి యంత్రపరికరములను ఇచ్చటనే తయారుచేసెను. యంత్రమున్నచోట మరమ్మతు, మరమ్మతున్నచోట విడిభాగముల అంగడి పుట్టక తప్పదు. రాణిగంజ్ వీధులు ఆ విధముగనే ఇనుప సామానులకు, యంత్రములకు, మోటారు భాగములకు పేరు పొందినవి. అంతకు ఎన్నో తరములకు పూర్వమే నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమునుండి మూసలలో కరగిన ఉక్కు పారశీక దేశమునకు తరలెడిది. లోహమును చూచి పోల్చుకొను చూపు ఈ నేలకు క్రొత్త గాదు.

ఇంటి వెనుక చిన్న లేతు నెలకొల్పుకొన్నవానికి మొదటి చిక్కు సరకు. అంగడిలో కోయించి తెచ్చిన పోత ఇనుప దిమ్మకు వెల హెచ్చు. అరిగిపోయిన బ్రేకు డ్రమ్ము తూకమున చవుకగా దొరకును. రెండును పోత ఇనుమే. అందు నూటికి రెండు మొదలు నాలుగు పాళ్లవరకు కర్బనముండును. అందు హెచ్చుపాలు సన్నని గ్రాఫైటు పొరలై ఇమిడియుండుటచే ఉలి క్రింద అది చుట్టలుగా గాక రజనుగా రాలును, అదరును తనలో అణచుకొనును. కనుకనే యంత్రముల పీఠములకు, కప్పీలకు, చక్రములకు అది అనువైనది. అయితే దాని పైపొర కఱకు. మొదటి కోత ఆ పొర క్రిందికి దిగనిచో ఉలి మొన నిమిషములో మొద్దువారును.

పిస్టన్ మరియొక జాతి. అది అల్యూమినియములో నూటికి పండ్రెండు పాళ్లకు అటునిటుగా సిలికాను కలిపిన పోత. చిన్న బొగ్గుకొలిమిలోనే కరగి, పిడులుగా, కప్పీలుగా మరల పోతకు వచ్చును. కాని తడి ముక్కను కరగిన లోహములో వేసినవాడు ప్రాణమునకు తెగించినవాడే. చుక్క నీరు ఆవిరియై మూసలోని లోహమును ముఖముమీద చిమ్మును.

ఇరుసులు, పిస్టన్ పిన్నులు పైకి గట్టివి, లోపల మెత్తనివి. వానిని ఎఱ్ఱగా కాల్చి, బూడిదలోనో సున్నములోనో పూడ్చి, ఒక రాత్రియంతయు మెల్లగా చల్లారనిచ్చినగాని కోతకు లొంగవు. కాక చాలినదా లేదా అని అయస్కాంతమును చేర్చి చూచుట కద్దు. సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఉక్కు అయస్కాంతమునకు అంటుట మానును. ఇక సానపట్టినపుడు లేచు నిప్పురవ్వలే లోహపు జాతకము చెప్పును: కర్బనము హెచ్చినకొలది రవ్వ పువ్వుగా విచ్చుకొనును. కమాను పట్టీని కత్తిగా, ఉలిగా సాగగొట్టుట మన కమ్మరులు ఏనాడో ఎఱిగిన పని.

అమెరికాలో డేవిడ్ జింజరీ తుక్కు అల్యూమినియమును బొగ్గుకొలిమిలో కరగించి లేతునే నిర్మించుకొను విధమును 1980 ప్రాంతమునుండి పుస్తకములుగా వ్రాసెను. టెక్సాస్ వాసి పాట్ డెలానీ ఇంజను దిమ్మనే ఆధారముగా గొని ఒక బహువిధ యంత్రమును రూపొందించెను. అందలి కిటుకు సులభము: ఇంజనులోని సిలిండరు రంధ్రములు ఒకదానికొకటి సమాంతరముగా, మిగుల నిర్దుష్టముగా తొలువబడియుండును. అంతటి కొలతను ఇంటిలో సాధించుట దుర్లభము. కర్మాగారము ఒకసారి చేసిన శ్రమను రెండవమారు ఉచితముగా వాడుకొనుటయే అది.

అయినను ఈ విద్యలో ఎన్నిక ఎంత ముఖ్యమో నిరాకరణ అంత ముఖ్యము. కొన్ని ఎగ్జాస్టు వాల్వుల లోపల సోడియముండును. కోసినచో తడి తగిలి మండును. మెగ్నీషియపు రజను అంటుకొన్నచో నీటితో ఆరదు. వీటికన్న మోసకరమైనది అలసట. కోట్ల మారులు తిరిగిన షాఫ్టులో కంటికానని పగులు దాగియుండవచ్చును. దానిని కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, సుద్దపొడి చల్లినచో పగులునుండి నూనె ఊరి గీతగా కనబడును. గీత కనబడనంత మాత్రమున భయము తీరినట్లు గాదు. మనిషి ప్రాణము వ్రేలాడు పనికి, బరువెత్తు కొక్కెమునకు గాని బ్రేకునకు గాని, పాత ముక్కను వాడకుండుటయే నిపుణుని నీతి.

2021లో కేంద్రప్రభుత్వము పాతబండ్లను రిజిస్టరు పొందిన కేంద్రములలో విప్పు నియమములను తెచ్చెను. నూనెలు, బ్యాటరీలు నేలను చెఱుపకుండ తొలగించుటకు అది మేలే. కాని బండిని మొత్తముగా నలగగొట్టి కరగించినచో రాగితీగలు ఉక్కులో కలిసిపోవును. ఒకసారి కలిసిన రాగిని సాధారణ ఉక్కుకొలిమి వేరుచేయజాలదు. అట్టి ఉక్కు కాకమీద సాగగొట్టునపుడు పైన పగుళ్లు వాఱును. కావున ముక్కను ముక్కగా విడదీసి జాతి గుర్తించు చేయి వీధి దుకాణమునకే గాక పెద్ద పరిశ్రమకును అక్కఱ.

ఆ చేయి ఒక్కనాట తయారు కాదు. రవ్వను చూచి కర్బనమును, మ్రోతను విని పగులును కనిపెట్టుట ఒక పిల్లవాడు ఒక పెద్దవాని ప్రక్కన ఏండ్ల తరబడి నిలిచి నేర్చునది. పాత ఇనుము మరల దొరకును. ఆ ప్రక్కన నిలుచు పిల్లవాడు దొరకనినాడు మాత్రము చచ్చిన ఏనుగు వెల నిజముగా తుక్కు వెలయే అగును.