ట్యాంకరు ఎప్పుడు రావాలి?

సముద్రగర్భంలోని బావుల నుంచి వచ్చే చమురులో నీరు, గ్యాస్ కలిసి ఉంటాయి. వాటిని అక్కడికక్కడే వేరుచేసి, చమురును తన ట్యాంకుల్లో నింపుకునే ఓడే ఎఫ్‌పీఎస్‌ఓ. చమురును ఒడ్డుకు చేర్చే పైపులైను లేనిచోట ట్యాంకర్లు వచ్చి తోడుకెళ్లాలి. అవి ఎప్పుడు రావాలో నిర్ణయించేవాళ్లు ముందుగా చూసేది ట్యాంకుల్లో ఎంత ఖాళీ మిగిలిందన్నదే.

దక్షిణ అమెరికాలోని గయానా తీరానికి దూరంగా 2022 ఫిబ్రవరిలో ఉత్పత్తి మొదలుపెట్టిన ‘లిజా యూనిటీ’ ఎఫ్‌పీఎస్‌ఓను చూద్దాం. మొదట్లో దాని సామర్థ్యం రోజుకు 2.2 లక్షల బ్యారెళ్లు, నిల్వ సుమారు 20 లక్షలు. ఆ లెక్కన ఖాళీ ట్యాంకులు తొమ్మిది రోజుల్లో నిండిపోతాయి. ట్యాంకరు ఒక విడతకు 10 లక్షల బ్యారెళ్లు తీసుకెళ్తుందనుకుందాం. అంత చమురు పోగవడానికి నాలుగున్నర రోజులు పడుతుంది. ఆ తర్వాత ట్యాంకులు నిండడానికి మిగిలేదీ నాలుగున్నర రోజులే. అంచుదాకా నింపరు కాబట్టి నిజానికి గడువు ఇంకా తక్కువ.

సరుకు పోగవకముందే ట్యాంకరు వస్తే నిలబడిపోతుంది, డెమరేజీ (ఓడను నిలబెట్టినందుకు చెల్లించే రుసుము) పడుతుంది. గడువు దాటితే బావుల ఉత్పత్తి తగ్గించాలి, ట్యాంకులు నిండిపోతే పూర్తిగా ఆపాలి. చమురులో భాగస్వాములకు వాటాలుంటాయి గనుక ఏ విడత ఎవరిదో కూడా నెలల ముందే తేల్చుకోవాలి.

ట్యాంకరు వచ్చినంత మాత్రాన పని మొదలవదు. సాధారణంగా ఎఫ్‌పీఎస్‌ఓ వెనక దాన్ని మోకుతో కట్టి, తేలే గొట్టం తగిలిస్తారు. రెండు ఓడలూ ఢీకొనకుండా టగ్గు ట్యాంకరును వెనక్కి లాగిపట్టి ఉంచుతుంది. అలలు, గాలి హద్దు మీరితే గొట్టం విప్పేయాల్సిందే. తోడే పని దాదాపు రోజంతా సాగుతుంది. ఆ రోజు కూడా బావుల నుంచి చమురు వస్తూనే ఉంటుంది. ఖాళీ అయిన ట్యాంకుల్లోకి గాలి చొరబడితే పేలుడు ప్రమాదం. అందుకే ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే వాయువును నింపుతారు.

ఉత్పత్తి ఆపడం ఎందుకంత ఇబ్బందో మన దగ్గరే చూడొచ్చు. కాకినాడ తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఓఎన్‌జీసీకి చెందిన కేజీ-98/2 బ్లాకులో 2024 జనవరి 7న చమురు ఉత్పత్తి మొదలైంది. అక్కడి చమురులో మైనం ఎక్కువ. చల్లబడితే గడ్డకట్టి పైపులో పేరుకుంటుంది. అందుకే వేడి పోకుండా పైపులో పైపు అమర్చారు. ఇలాంటి చోట ప్రవాహం ఆగితే చమురు చల్లబడుతుంది కనుక మళ్లీ మొదలుపెట్టడం కష్టం. పైగా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం ఉండనే ఉంది.

అందుకే ఎఫ్‌పీఎస్‌ఓ నమూనా గీసే దశలోనే ఈ లెక్క వేస్తారు. ఒక ట్యాంకరుకు సరిపడా సరుకు, దానికి తోడు వాతావరణం బాగోలేక ట్యాంకరు రాలేని రోజుల ఉత్పత్తి కూడా పట్టాలి. ఓడ కట్టాక ట్యాంకులు పెంచడం అంత తేలిక కాదు. ఇక సర్దుకోవలసింది తేదీలనే.