సగం ముఖం గుంజుతుంటే... ఆపరేషన్ చేయించుకోవాలా?

పిల్లలూ! మీ కంటిరెప్ప ఎప్పుడైనా దానంతటదే టపటపమని అదిరిందా? "ఏ కన్ను అదిరిందిరా?" అని నాయనమ్మ వెంటనే అడిగే ఉంటుంది. మగవాళ్ళకు కుడికన్ను, ఆడవాళ్ళకు ఎడమకన్ను అదిరితే మంచి జరుగుతుందని మన పెద్దల నమ్మకం. నిజానికి నిద్ర చాలకపోయినా, బాగా అలసిపోయినా, టీ కాఫీలు ఎక్కువైనా రెప్పలోని చిన్న కండరం అలా అదురుతుంది. మామూలుగా కొన్నాళ్ళకు తగ్గిపోతుంది. దానికి భయపడనక్కరలేదు, సంబరపడనూ అక్కరలేదు.

కాని ఆ అదురు నెలలు గడిచినా తగ్గకుండా రెప్ప నుండి చెంపకు, చెంప నుండి మూతికి పాకితే? ముఖంలో ఒక పక్క మాత్రమే గుంజుకుపోతూ, ఆ పక్క కన్ను మూసుకుపోతూ ఉంటే? దీనిని డాక్టర్లు 'హెమీఫేషియల్ స్పాజమ్' అంటారు. అంటే సగం ముఖం గుంజడం అన్నమాట. ఇది ఎక్కువగా నడివయసులో మొదలవుతుంది. మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లేత్ మిషను నడిపే ఒక పెదనాన్నను ఊహించుకోండి. రోజూ సంగారెడ్డి నుండి ముంబై రోడ్డు మీదుగా స్కూటరుపై షిఫ్టుకు వస్తాడు. ఈ మధ్య ఆయన ఎడమకన్ను మాటిమాటికీ మూసుకుపోతోంది. గిరగిర తిరిగే ఇనుప కడ్డీ ముందు నిలబడేవాడికి అదెంత ప్రమాదమో చూడండి! తోటివాళ్ళు కన్ను కొడుతున్నాడని నవ్వుతున్నారు. ఇంట్లోవాళ్ళు పక్షవాతమేమోనని భయపడుతున్నారు. "ఆపరేషన్ చేయించుకో అన్నా" అంటాడు తమ్ముడు. "తలకాయ కోయించుకుంటావా!" అని పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఆయన ఎవరి మాట వినాలి?

అది తేలాలంటే ముందు లోపల ఏం జరుగుతోందో తెలియాలి. ఒకసారి అద్దం ముందు నిలబడండి. కనుబొమలు ఎగరేయండి. కళ్ళు గట్టిగా మూయండి. బుగ్గలు పూరించండి. నవ్వండి. ఈ పనులన్నీ చేయించేది ఒకే నాడి. దాని పేరు ముఖనాడి. మెదడు నుండి బయలుదేరే 12 జతల కపాల నాడుల్లో ఇది ఏడవది. కుడిపక్కకు ఒకటి, ఎడమపక్కకు ఒకటి. ముఖం ఒక పక్కనే గుంజడానికి కారణం ఇప్పుడు తెలిసింది కదా!

మోటారు వైండింగు తీగలు మీరు చూసే ఉంటారు. తీగపై పూత అరిగిపోతే ఏమవుతుంది? ఒక తీగలోని కరెంటు పక్క తీగలోకి దూకుతుంది. ముఖనాడిలోనూ వేల సన్నని పోగులుంటాయి. వాటికీ మైలిన్ అనే తొడుగు ఉంటుంది. నాడి మెదడు కాండం నుండి బయటికి వచ్చే చోట ఆ తొడుగు సున్నితంగా ఉంటుంది. సరిగ్గా అక్కడే ఒక ధమని వంగి నాడిని ఒత్తిందనుకోండి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ ధమని నాడిని తాకుతూనే ఉంటుంది. తొడుగు దెబ్బతిని, ఒక పోగులోని సంకేతం మరొక పోగులోకి దూకుతుంది. మెదడు పంపని ఆజ్ఞ కండరానికి చేరుతుంది! అందుకే ఈ గుంజుడు నిద్రలో కూడా వస్తుంది. ఇది అలవాటూ కాదు, వేషమూ కాదు, అంటువ్యాధి అసలే కాదు.

రక్తనాళపు ఒత్తిడి సంగతి ఈనాటిది కాదు. ఇలా ముఖం గుంజుతూ ఉండిన ఒక రోగి మరణించాక, ఉబ్బిన రక్తనాళం ముఖనాడిని ఒత్తి ఉండటం జర్మనీకి చెందిన షుల్ట్‌జ్ 1875లోనే వివరించాడు. 1960వ దశకంలో అమెరికా వైద్యుడు పీటర్ జన్నెట్టా సూక్ష్మదర్శిని సాయంతో ఈ ఒత్తిడిని తొలగించే ఆపరేషన్‌ను తీర్చిదిద్దాడు.

ఇప్పుడు పెదనాన్న ముందున్న దారులు చూద్దాం. ముందుగా ఎం.ఆర్.ఐ. తీయించాలి. అరుదుగా గడ్డ వంటి వేరే కారణం ఉంటే అందులో తెలుస్తుంది. మాత్రలు కొద్దిమందికే పనిచేస్తాయి. పైగా మత్తు కలిగించవచ్చు. మిషను దగ్గర అది మరీ ప్రమాదం.

రెండవ దారి ఇంజెక్షను. బొట్యులైనం అనే సూక్ష్మజీవి విషాన్ని అతి కొద్ది మోతాదులో కండరంలోకి ఎక్కిస్తారు. అది నాడి నుండి కండరానికి కబురు చేర్చే ఎసిటైల్‌కోలిన్‌ను విడుదల కానివ్వదు. గుంజుడు చాలావరకు తగ్గుతుంది. అమెరికాలో 1989లో ఈ మందుకు అనుమతి లభించింది. అయితే మూడు నాలుగు నెలలకు దాని ప్రభావం పోతుంది. మళ్ళీ పొడిపించుకోవాలి. కొన్నాళ్ళపాటు రెప్ప వాలడం, మూతి కాస్త వంకరపోవడం కూడా జరగవచ్చు.

మూడవది ఆపరేషన్. మత్తు ఇచ్చి, చెవి వెనుక ఎముకలో దాదాపు రూపాయి బిళ్ళంత రంధ్రం చేస్తారు. ధమనిని నాడి మీది నుండి తప్పించి, రెండింటి మధ్య టెఫ్లాన్ దూదిని ఉంచుతారు. అవును, అంటుకోని పెనాలకు పూసే టెఫ్లానే! కారణాన్నే తొలగించే చికిత్స ఇదొక్కటే. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి గుంజుడు పోతుంది. కొందరికి వెంటనే, కొందరికి కొన్ని వారాలకో నెలలకో.

మరి చిక్కెక్కడ? ముఖనాడి పక్కనే వినికిడి నాడి ఉంటుంది. వందలో కొద్దిమందికి ఆ పక్క చెవి వినబడకుండా పోవచ్చు. ముఖం బలహీనపడవచ్చు. బహు అరుదుగా మెదడుకు, ప్రాణానికి కూడా ముప్పు రావచ్చు. అందుకే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ చెవిలో టిక్ టిక్ శబ్దాలు వినిపిస్తూ, మెదడు స్పందనను యంత్రంలో గమనిస్తుంటారు.

లెక్కలు చెప్పేది ఇంతవరకే. వందలో తానే ఒకడవుతాడో, మిగిలినవారిలో ఉంటాడో ఏ లెక్కా పెదనాన్నకు చెప్పలేదు. ఆపైన తూచవలసింది ఆయన బతుకును. కన్ను తెరుచుకోకపోతే లేత్ నడవదు. ఇంజెక్షను కోసం ఏడాదికి మూడు నాలుగుసార్లు సెలవు పెట్టాలి. ఆయనకు ఆపరేషన్ మేలనిపించవచ్చు. అదే జబ్బు ఒక వీణ టీచరుకు వస్తే? ఒక చెవి పోయే చిన్న అవకాశం కూడా ఆమెకు పెద్దదే. ఆమె ఇంజెక్షనే చాలంటుంది. గుండెజబ్బున్న ముసలాయనకు మత్తే ప్రమాదం కావచ్చు. ముగ్గురిదీ ఒకే జబ్బు. జవాబు మాత్రం ఒకటి కాదు.

ఒక మంచి సంగతి ఏమంటే, ఈ గుంజుడు ప్రాణం తీసేది కాదు. కనుక తొందరలేదు. ముందు ఇంజెక్షను వాడి చూసి, తర్వాత ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. ఇంజెక్షను గుణం కొన్ని నెలలకు పోతుంది, ఆపరేషన్‌ను మాత్రం వెనక్కి తీసుకోలేం. ఇద్దరు డాక్టర్లను అడగవచ్చు. పంజగుట్టలోని నిమ్స్‌లో నాడీ వైద్య విభాగాలున్నాయి. బీమా ఉన్న కార్మికుడు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్ళవచ్చు.

ఇక్కడ మీకూ ఒక పని ఉంది. డాక్టరు ఎదుట కూర్చుంటే పెద్దవాళ్ళు అడగాలనుకున్నవి మరచిపోతారు. మీరు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: "ఇది కచ్చితంగా ఆ జబ్బేనా? ఇప్పుడు ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుంది? మీరు ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు? వాళ్ళలో ఎందరికి నయమైంది? ఎందరికి చెవి పోయింది? మళ్ళీ పనికి ఎప్పుడు వెళ్ళవచ్చు?"

జవాబులు విన్నాక నిర్ణయం పెదనాన్నది. తమ్ముడిదీ కాదు, పెద్దమ్మదీ కాదు. ఈలోగా బస్సులోనో బడిలోనో ఎవరి ముఖమైనా అలా గుంజుతూ కనిపిస్తే నవ్వకండి. నవ్వినవాడికి ఆ నాడి సంగతి చెప్పండి.