పెన్న చెక్కిన గండి

గండి యనగా కొండను చీల్చుకొని నీరు పోవు త్రోవ. ఆ త్రోవ అంచున వెలసిన దుర్గము గనుక అది గండికోట అయినది. కోట పేరులోనే నది యున్నది. కావున కోటకంటె ముందు నదిని గూర్చియే చెప్పుచున్నాము.

పెన్నకు సంస్కృత నామము పినాకిని. శివధనుస్సైన పినాకమును బట్టి ఆ పేరు వచ్చినదందురు. కర్ణాటకములోని నందికొండల ప్రాంతమున రెండు పినాకినులు పుట్టుచున్నవి. దక్షిణ పినాకిని తమిళనాడునకు పోవును. ఉత్తర పినాకినియే మన పెన్న. అనంతపురము, కడప, నెల్లూరు సీమల మీదుగా 597 కిలోమీటర్లు ప్రవహించి, ఊటుకూరు వద్ద బంగాళాఖాతమున కలియును. గండికోటకు ఎగువను చిత్రావతి, దిగువను కుందేరు, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు దీనిలో చేరును. ఇన్ని ఉపనదులున్నను, వానలు తక్కువైన సీమ గనుక, ఏటిలో పెక్కునెలలు ఇసుకయే కనబడును.

ఇట్టి నదియే యుగయుగములుగా ఎర్రమల కొండల రాతిని కోసి లోయ చేసినది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ కఠినశిలకు గండికోట క్వార్ట్‌జైట్ అని పేరిడిరి. మనుష్యులు త్రవ్వనక్కరలేని అగడ్త అది. విజయనగర కాలమున పెమ్మసాని నాయకులు ఈ దుర్గము నేలిరి. 17వ శతాబ్ది మధ్యమున గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని గెలిచెను. 1652లో ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే ఆయనను ఇచ్చటనే కలిసికొనెను. మాధవరాయస్వామి ఆలయము, జామియా మసీదు, దాని చెంత ధాన్యాగారము నేటికిని ఒకే ప్రాకారములో నిలిచియున్నవి. ఏలినవారు మారిరి, అందరికిని కావలి కాచినది ఒకే లోయ.

నేడు ఆ లోయను ఆనకట్ట కట్టి, 26.85 టీఎంసీల సామర్థ్యము గల జలాశయము నిర్మించినారు. అందు నిలుచు నీరు చాలవరకు పెన్నది కాదు. శ్రీశైలము నుండి పోతిరెడ్డిపాడు మీదుగా కాలువలలో వచ్చు కృష్ణాజలము. పెన్న చెక్కిన పాత్రలో కృష్ణమ్మ నిండినది. అయితే ఆ నీటికై కొండాపురం ప్రాంతపు పల్లెలు మునిగినవి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు ఇండ్లు విడిచి వెడలిరి.

విహారమునకై గండికోటకు పోవు సోదర విద్యార్థులు లోయ అందమును చూచి మరలిరాక, నీటి అడుగున నున్న ఆ గడపలను గూడ తలంపవలెను. మన పొలములకు నీరిచ్చినవారిలో నదులతోబాటు వారును కలరు.