వంటింటి రసాయన చర్యలు – తూకం చెప్పే సత్యం

పసుపులో చిటికెడు సున్నం వేసి, నాలుగు చుక్కల నీటితో రంగరిస్తే ఎర్రని పారాణి సిద్ధమవుతుంది. దానిపై నిమ్మరసం పిండితే ఆ ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగు వస్తుంది. పసుపులోని రంగుపదార్థం క్షారం తగిలినపుడు ఒక రూపాన్ని, ఆమ్లం తగిలినపుడు మరొక రూపాన్ని పొందడమే ఇందుకు కారణం. పెళ్లింట ప్రతి ముత్తైదువకు తెలిసిన ఈ చిన్న పని ఒక రసాయన చర్య.

ఉప్పును నీటిలో కరిగించి, ఆ నీటిని మరిగించి ఇగిర్చితే ఉప్పు ఉప్పుగానే మిగులుతుంది. అది రసాయన చర్య కాదు. పదార్థాలు తమ పూర్వగుణాలను వీడి, కొత్త గుణాలు గల వేరు పదార్థాలుగా మారడమే రసాయన చర్య. సంస్కారంవల్ల ద్రవ్యానికి గుణాంతరం కలుగుతుందని చరకసంహిత బోధిస్తున్నది. ఆ సంస్కారాలలో అగ్నితోను, క్షారంతోను జరిగేవాటిలో పెక్కు రసాయన చర్యలే.

తూకం ఎక్కడికి పోయింది?

గురుకులంలో శంఖాన్ని పుటం వేసేటపుడు, ముందొకసారి, తరువాత ఒకసారి తూచమని మా గురువుగారు ఆజ్ఞాపించేవారు. ప్రతిసారీ తూకం తగ్గేది. "తగ్గినది ఏమైంది?" అని అడిగేవారు. అగ్ని తినివేసిందని మేము జవాబిచ్చేవారము. ఆయన నవ్వి ఊరుకునేవారు. అగ్ని దేనినీ తినివేయదని రసాయనశాస్త్రం చదివిన పిమ్మటనే నాకు బోధపడింది.

శంఖం, ఆలుచిప్ప, సున్నపురాయి – ఈ మూడింటిలోనూ ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బనేట్. దానిని తీవ్రంగా కాల్చినపుడు జరిగే చర్య ఇది:

కాల్షియం కార్బనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

ఇదే రసాయన సమీకరణం. బాణానికి ఎడమవైపున ఉన్నవి చర్యలో పాల్గొనే క్రియాజనకాలు. కుడివైపున ఉన్నవి చర్యవల్ల ఏర్పడే క్రియాజన్యాలు. 100 గ్రాముల కాల్షియం కార్బనేట్ పూర్తిగా మారితే 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వాయువు గాలిలో కలిసిపోతుంది. రెండూ కూడితే మళ్లీ 100. చర్యలో పదార్థం పుట్టదు, నశించదు. రూపు మాత్రం మారుతుంది. ఇదే ద్రవ్యనిత్యత్వ నియమం. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లెవోయిజర్ త్రాసు సాయంతో దీనిని స్థిరపరచినాడు. అందుచేతనే సమీకరణంలో రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపోవలెను. రెండు హైడ్రోజన్ అణువులు ఒక ఆక్సిజన్ అణువుతో కలిసి రెండు నీటి అణువులు అవుతాయని వ్రాయడం ఈ లెక్క కోసమే.

సున్నంతో జాగ్రత్త

56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటితో కలిసి 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. అపుడు పుట్టే వేడికి నీరు కుతకుత ఉడుకుతుంది. తడిసున్నంపై తేరిన సున్నపుతేటను పళ్లెంలో ఉంచితే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి పైన తెల్లని పొర కడుతుంది. ఆ పొర తిరిగి కాల్షియం కార్బనేటే. శంఖంతో మొదలైన కథ మరల శంఖపదార్థం వద్దకే చేరింది.

తాంబూలపు సున్నం పొట్లాలను పిల్లలు నొక్కినపుడు చిట్లి కంట పడడం కద్దు. సున్నం క్షారం కాబట్టి ఆమ్లంతో విరిగిపోతుందని తలచి నిమ్మరసం వేయరాదు. ఆ చర్యలోనూ వేడి పుడుతుంది, ఆమ్లం కూడా కంటికి హాని చేస్తుంది. పాలు, నేయి కూడా వద్దు. వెంటనే ధారగా మంచినీటితో కనీసం అరగంటసేపు కడుగుతూ, రెప్పల లోపలి సున్నపు పలుకులు పోయేటట్లు చూచి, కంటి వైద్యశాలకు తీసుకొనిపోవలెను. ఆలస్యమైతే చూపు పోవచ్చును.

వంటసోడా ఏమవుతుంది?

పుల్లని త్రేన్పులు, గుండెమంట రాగానే వంటసోడా కలిపిన నీరు త్రాగడం అనేక గృహాలలో అలవాటు. జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో దాని చర్య ఇట్లా ఉంటుంది:

సోడియం బైకార్బనేట్ + హైడ్రోక్లోరిక్ ఆమ్లం → సోడియం క్లోరైడ్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

మంట తగ్గుతుంది, త్రేన్పు వస్తుంది. ఆ త్రేన్పు కార్బన్ డయాక్సైడే. మిగిలిన సోడియం క్లోరైడ్ మనం తినే ఉప్పు. 84 గ్రాముల సోడాకు 58.5 గ్రాముల ఉప్పు లెక్కన, 5 గ్రాముల సోడా త్రాగినవారు దాదాపు మూడున్నర గ్రాముల ఉప్పు తిన్నట్లే. పెద్దలు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రక్తపోటు, హృద్రోగం, మూత్రపిండ వ్యాధి, కాళ్లవాపు గలవారు, గర్భిణులు ఈ అలవాటును మానవలెను. కూరలో ఉప్పు తగ్గించుకొని సోడా రూపంలో తీసుకొనడం వ్యర్థం. రొమ్ములో నొప్పితోపాటు చెమటలు, ఆయాసం ఉంటే అజీర్ణమని సోడా త్రాగుతూ కూర్చొనక, తక్షణమే వైద్యశాలకు వెళ్లవలెను.

భస్మాల విషయంలో

పాదరసం + గంధకం → పాదరస సల్ఫైడ్

201 భాగాల పాదరసం 32 భాగాల గంధకంతో కలిస్తే 233 భాగాల సల్ఫైడ్ ఏర్పడుతుంది. జారిపోయే లోహం నల్లని పొడిగానో, ఎర్రని సిందూరంగానో మారి గుణం మార్చుకున్న మాట నిజమే. కాని 233 భాగాలలో 201 భాగాలు పాదరసమే. నాగభస్మంలో సీసం కూడా అంతే. లోహం ఎక్కడికీ పోలేదు. నేను ఆ శాస్త్రమే అభ్యసించినవాడను కనుక చెప్పడం నా ధర్మం: రసౌషధాలను, లోహభస్మాలను ఇంట తయారు చేయరాదు, ఊరూపేరూ లేని పొట్లాలు కొనరాదు, "మూలికలే కదా" అన్న మాట నమ్మి నెలల తరబడి సేవించరాదు. పసిపిల్లల విషయంలో, గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఏ మందు చేతికి వచ్చినా, అది దేనితో కలుస్తుంది, ఏమవుతుంది, ఒంట్లో ఏమి మిగులుతుంది అని అడగండి. మా గురువుగారు త్రాసు ముందుంచి మమ్ములను అడిగిన ప్రశ్న కూడా అదే.